వంగ చలనచిత్ర పురస్కారములు

కళాకారుడు రేయింబవళ్లు శ్రమించి యొక కృతిని నిర్మించును. దానిని చూచి తలయూచి మెచ్చు సహృదయుడు లేనిచో ఆ శ్రమ అడవిగాచిన వెన్నెల యగును. కావుననే పూర్వము రాజులు కవులను, గాయకులను సత్కరించుటను తమ ధర్మముగా నెంచిరి. శ్రీనాథునకు జరిగిన కనకాభిషేకమును, పెద్దన కాలికి రాయలు తొడిగిన గండపెండేరమును తెలుగువారు నేటికిని కథలుగా చెప్పుకొందురు. ఆ సత్కారములందు కవికెంత గౌరవము దక్కెనో, గుణము నెరిగిన రాజునకును అంత గౌరవమే దక్కినది.

చలనచిత్రము రాజాస్థానమున పుట్టిన కళ కాదు. అది బజారున, గుడారముల క్రింద, అణాలు చెల్లించి వచ్చిన సామాన్య జనుల నడుమ పెరిగిన కళ. దాని గుణదోషములను నిర్ణయింపవలసినవారెవరు? టిక్కెట్టు కొనిన ప్రేక్షకులా? పత్రికలలో విమర్శలు వ్రాయు పండితులా? లేక ప్రభుత్వము నియమించిన న్యాయనిర్ణేతలా? ఈ ప్రశ్నకు వంగదేశము అనేక దశాబ్దములుగా సమాధానము వెదకుచున్నది. ఆ వెదకులాటయే వంగ చలనచిత్ర పురస్కారముల చరిత్ర.

వంగదేశమున ఈ కళకు తొలుత దారి చూపినవాడు హీరాలాల్ సేన్. ఆయన 1866లో జన్మించెను. కదలు బొమ్మల వింతను చూచి ముగ్ధుడై, 1898లో ‘రాయల్ బయోస్కోప్’ అను సంస్థను స్థాపించి, ఊరూర బొమ్మలను ప్రదర్శించెను. కలకత్తాలోని క్లాసిక్ థియేటరున ఆడుచుండిన నాటకముల నుండి దృశ్యములను తన కెమెరాతో చిత్రించెను. కాని కాలము ఆయనకు అనుకూలింపలేదు. వ్యాపారము దెబ్బతినెను, దేహము రోగగ్రస్తమాయెను. 1917లో గిడ్డంగికి నిప్పంటుకొని ఆయన తీసిన చిత్రములన్నియు భస్మమైపోయెను. ఆ యేటనే ఆయనయు కన్నుమూసెను. ఆ మహనీయుని చలనచిత్ర కృషికి తగిన గుర్తింపు లభింపలేదు. నేడు ఆయన చిత్రములలో ఒక్కటియైనను చూచు భాగ్యము మనకు లేదు. గుణమును సకాలమున గుర్తింపని సమాజము ఎంతటి నిధిని పోగొట్టుకొనునో తెలిసికొనుటకు ఈ యొక్క ఉదాహరణము చాలును.

హీరాలాల్ మరణించిన రెండేండ్లకు, 1919లో, మదన్ సంస్థవారు ‘బిల్వమంగళ్’ అను మూకీ చిత్రమును కలకత్తాలో విడుదల చేసిరి. వంగదేశపు తొలి పెద్ద కథాచిత్రముగా దానిని పేర్కొందురు. 1931లో చిత్రమునకు మాట వచ్చెను. ఆ యేటనే బీరేంద్రనాథ్ సర్కార్ అను యువకుడు టాలీగంజ్ ప్రాంతమున ‘న్యూ థియేటర్స్’ అను సంస్థను నెలకొల్పెను. ఆయన ఇంజనీరు. కట్టడములు కట్టుటకు చదువుకొన్న ఆ యువకుడు ఒక కళాసౌధమునే కట్టెను. ఏనుగు ముద్రతో వచ్చు ఆ సంస్థ చిత్రములకై దేశమంతయు నెదురుచూచెడిది. దేవకీ బోసు, నితిన్ బోసు, ప్రమథేశ్ బరువా వంటి దర్శకులును, రాయ్‌చంద్ బొరాల్, పంకజ్ మల్లిక్ వంటి సంగీతజ్ఞులును, సైగల్ వంటి గాయకుడును ఆ సంస్థ నీడన వెలుగొందిరి. శరచ్చంద్రుని ‘దేవదాసు’ను బరువా 1935లో తెరకెక్కించెను. ముందుగా పాటను ముద్రించుకొని, నటులు దాని కనుగుణముగా పెదవులు కదుపు విధానమును అదే యేట ‘భాగ్యచక్ర’ చిత్రమున ప్రవేశపెట్టిరి.

ఆ కాలమున కలకత్తా తెలుగు చిత్రములకును పుట్టినిల్లాయెను. చిత్తజల్లు పుల్లయ్యగారు దర్శకత్వము వహించిన ‘లవకుశ’ను 1934లో కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీవారే నిర్మించిరి. ఆ కంపెనీకే దేవకీ బోసు తీసిన ‘సీత’ అను చిత్రము అదే సంవత్సరమున ఇటలీ దేశపు వెనిస్ నగర చిత్రోత్సవమున ప్రదర్శింపబడి గౌరవపత్రమును పొందెను. ఒకే కంపెనీ ఆవరణలో సీతారాముల కథ రెండు భాషలలో రూపుదాల్చుట, అందొకటి సముద్రములు దాటి మన్నన పొందుట గమనింపదగిన విషయము. విదేశములందు మెప్పు లభించినది. కాని స్వదేశమున గుణమునెంచి తీర్పు చెప్పు సభ యింకను ఏర్పడలేదు.

ఆ లోటును తీర్చినవారు పత్రికా రచయితలు. వంగదేశమున సాహిత్య విమర్శకు గట్టి పునాది యున్నది. నవలను, నాటకమును చీల్చి చెండాడు పాఠకులు అచట ఇంటింట నుండిరి. చలనచిత్రములు పెరిగిన కొలది వానిని గూర్చి వ్రాయు పత్రికలును పెరిగినవి. కాని చిత్ర విమర్శకుని పని కత్తిమీద సాము వంటిది. పత్రికకు ప్రకటనల రూపమున ధనము నిచ్చువాడు నిర్మాత. ఆ నిర్మాత తీసిన చిత్రములోని తప్పులను ఎత్తి చూపవలసినవాడు విమర్శకుడు. ఒంటరిగా నున్న విమర్శకుడు బెదరవచ్చును, లేదా ప్రలోభమునకు లోబడవచ్చును. పదిమంది కలిసి యొక్కమాటగా నిలిచినచో ఆ మాటకు బలము చేకూరును. ఇట్టి అవసరము గల దినములలో, 1937లో, కలకత్తా నగరమున ‘బెంగాల్ ఫిల్మ్ జర్నలిస్ట్స్ అసోసియేషన్’, అనగా వంగ చలనచిత్ర పాత్రికేయుల సంఘము, ఏర్పడెను. భారతదేశమున చిత్ర విమర్శకులు స్థాపించుకొన్న సంఘములలో ఇదియే మిక్కిలి ప్రాచీనమైనదని ప్రసిద్ధి.

ఆ సంఘమువారు ఏటేట ఉత్తమ చిత్రములను, ఉత్తమ కళాకారులను ఎన్నుకొని పురస్కారముల నిచ్చు ఆచారమును నెలకొల్పిరి. ఆ ఆచారమునందు ప్రశంసింపదగిన గుణములు రెండు గలవు. మొదటిది, వారి దృష్టి వంగ చిత్రములకే పరిమితము కాలేదు. హిందీ చిత్రములను సైతము చూచి, వాని కొరకు ప్రత్యేకముగా బహుమానముల నిచ్చిరి. తన భాషను ప్రేమించుట, పరభాషలోని గుణమును గౌరవించుట అను రెండును ఒకే హృదయమున నిలువగలవని వారు నిరూపించిరి. రెండవది, తెరపై కనబడు నాయికా నాయకులతోనే వారు తృప్తి చెందలేదు. ఛాయాగ్రాహకుడు, శబ్దగ్రాహకుడు, కూర్పరి, కళాదర్శకుడు మొదలగువారిని సైతము గుర్తించిరి. ప్రేక్షకుడు నటుని ముఖమును చూచును. ఆ ముఖముపై వెలుగును ప్రసరింపజేసినవాని పేరును తెలిసికొనడు. ఆ పేరును చాటుట విమర్శకుని ధర్మము.

ఆ సంఘముచే ఉత్తమ నటిగా సన్మానింపబడినవారిలో కానన్ దేవి యొకరు. ఆమె నిరుపేద కుటుంబమున జన్మించి, బాల్యముననే పొట్టకూటికై మూకీ చిత్రములలో నటింప నారంభించెను. ఆ దినములలో నటీమణులను సంఘము చులకనగా చూచెడిది. అట్టి దశలో చదువరులైన విమర్శకులు ‘పరిచయ్’, ‘శేష్ ఉత్తర్’ అను చిత్రములలోని ఆమె నటనను మెచ్చి సత్కరించిరి. అది యొక వ్యక్తికి జరిగిన సన్మానము మాత్రమే కాదు. నటనమును గౌరవప్రదమైన వృత్తిగా సంఘము అంగీకరించుటకు పడిన యొక అడుగు. తరువాతి కాలమున ఆమె స్వయముగా చిత్రనిర్మాణ సంస్థను స్థాపించెను.

స్వాతంత్ర్యానంతరము భారత ప్రభుత్వము చలనచిత్ర కళను ప్రోత్సహింపదలచి 1954లో జాతీయ పురస్కారములను నెలకొల్పెను. దేశమునందలి సర్వోత్తమ చిత్రమునకు రాష్ట్రపతి స్వర్ణపతకము లభించెడిది. ఈ పతకముతో వంగ చిత్రములకు గల అనుబంధము 1955వ సంవత్సరపు చిత్రములతో ప్రారంభమైనది. ఆ చిత్రము ‘పథేర్ పాంచాలీ’. దాని దర్శకుడు సత్యజిత్ రాయ్.

రాయ్ అప్పుడొక ప్రకటనల కంపెనీలో చిత్రకారుడుగా పనిచేయుచుండెను. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయుని నవలను చిత్రముగా తీయవలెనని ఆయనకు కోరిక కలిగెను. నిర్మాతల గుమ్మములెన్ని యెక్కినను ధనము లభింపలేదు. తుదకు తన పుస్తకములను, గ్రామఫోను రికార్డులను అమ్మి, భార్య నగలను కుదువబెట్టి, 1952లో చిత్రీకరణ మారంభించెను. కెమెరా పట్టిన సుబ్రత మిత్ర ఇరువది యొక్క యేండ్ల యువకుడు. అంతకుముందు చలనచిత్ర కెమెరాను నడిపినవాడు కాడు. ధనము చేతబడినప్పుడు పని సాగెడిది. లేనప్పుడు నెలల తరబడి ఆగెడిది. కడపట పశ్చిమ వంగ ప్రభుత్వము ఆదుకొని ధనసహాయము చేసెను. చిత్రము పేరులో ‘దారి’ యున్నందున ఆ వ్యయమును రహదారుల అభివృద్ధి పద్దు క్రింద వ్రాసికొనిరని చెప్పుదురు. ముదుసలి పాత్రను అద్భుతముగా పోషించిన చునీబాలా దేవి చిత్రము విడుదల కాకమునుపే స్వర్గస్థురాలాయెను.

1955 ఆగస్టులో కలకత్తాలో విడుదలైనప్పుడు తొలి దినములలో ప్రేక్షకులు పలుచగా వచ్చిరి. చూచినవారు చూడనివారికి చెప్పగా, కొలది వారములలోనే హాళ్లు నిండిపోయెను. దేశపు దారిద్ర్యమును విదేశములలో చాటుట తగదని కొందరు అభ్యంతరము చెప్పినను, ప్రధానమంత్రి నెహ్రూ ఆ చిత్రమును మెచ్చి విదేశములకు పంపుటకు సమ్మతించెను. 1956లో ఫ్రాన్సు దేశమునందలి కాన్ నగర చిత్రోత్సవమున తొలి ప్రదర్శనమునకు వచ్చిన విమర్శకులు కొలదిమందియే. అదే సమయమున మరియొక విందు జరుగుచుండుటచే పలువురు అటు వెడలిరి. చిత్రమును చూచిన ఆ కొలదిమంది మిన్నకుండక, దానిని మరల ప్రదర్శింపవలసినదిగా పట్టుబట్టిరి. పునఃప్రదర్శనము జరిగెను, ‘ఉత్తమ మానవీయ పత్రము’ అను ప్రత్యేక పురస్కారము ఆ చిత్రమునకు లభించెను. నలుగురు విమర్శకులు తమకు తోచిన సత్యమును నిర్భయముగా పలుకకుండినచో ఆ గౌరవము చేయి జారిపోయెడిదే.

దానికి కొనసాగింపుగా రాయ్ తీసిన ‘అపరాజితో’ను కలకత్తా ప్రేక్షకులు అంతగా ఆదరింపలేదు. కాని 1957లో వెనిస్ చిత్రోత్సవమున దానికి అత్యున్నతమైన ‘స్వర్ణసింహము’ లభించెను. ఇంట గెలువనిది రచ్చ గెలిచినది! ధనము రాలుటయే చిత్రమునకు తుదితీర్పు కాదని దీనివలన తేలినది. అట్లని ప్రేక్షకుని తీర్పు తేలికయైనదనియు అనరాదు. ‘పథేర్ పాంచాలీ’ హాళ్లను నింపినవారును ఆ ప్రేక్షకులే కదా!

తరువాతి సంవత్సరములలో రాష్ట్రపతి స్వర్ణపతకము వంగదేశపు బాటనే పలుమారులు పట్టెను. 1956వ సంవత్సరమునకు తపన్ సిన్హా తీసిన ‘కాబూలీవాలా’, 1958కి దేవకీ బోసు తీసిన ‘సాగర్ సంగమే’, 1959కి రాయ్ తీసిన ‘అపూర్ సంసార్’, 1961కి ‘భగినీ నివేదిత’, 1962కి ‘దాదా ఠాకూర్’, 1964కి ‘చారులత’, 1967కి ‘హాటే బాజారే’, 1968కి ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’ ఆ పతకమును గెలుచుకొనెను. 1955 మొదలు 1968 వరకు గల 14 సంవత్సరములలో 9 సంవత్సరములు వంగభాషా చిత్రములకే ఆ గౌరవము దక్కుట విశేషము. దీనికి కారణము భాషాభిమానము కాదు. ఆ చిత్రములలో పెక్కింటికి ఆధారము రవీంద్రుడు, విభూతిభూషణుడు మొదలగు మహారచయితల కథలు. గట్టి సాహిత్యము, గట్టి విమర్శ, సంస్కారవంతులైన ప్రేక్షకులు అను మూడును కలిసి ఆ పంటను పండించినవి. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్త మొదలగువారు స్థాపించిన కలకత్తా ఫిల్మ్ సొసైటీ మంచి చిత్రములను చూచుట యెట్లో యువకులకు నేర్పినది.

నటుల విషయమున ఉత్తమ్ కుమార్ చరిత్ర విద్యార్థులు తెలిసికొనదగినది. ఆయన అసలు పేరు అరుణ్ కుమార్ చటర్జీ. కలకత్తా ఓడరేవు కార్యాలయమున గుమాస్తాగా పనిచేయుచు, తీరిక వేళల నాటకములాడుచుండెను. 1948లో తెరపై కనబడిన నాటినుండి వరుసగా చిత్రములు పరాజయము పొందుచు వచ్చినవి. స్టూడియోలలో ఆయనను ‘ఫ్లాప్ మాస్టర్’ అని ఎగతాళి చేసిరి. ఆయన క్రుంగిపోలేదు; తన కంఠమును, నడకను, ఉచ్చారణమును సరిదిద్దుకొనెను. 1952 తరువాత భాగ్యము మారెను. సుచిత్రా సేన్‌తో కలిసి నటించిన చిత్రములు వంగదేశమును ఉర్రూతలూగించెను. జాతీయ పురస్కారములలో ఉత్తమ నటునకు ప్రత్యేక బహుమానమును తొలిసారిగా 1967వ సంవత్సరపు చిత్రములకు ప్రకటించినప్పుడు, దానిని పొందిన మొట్టమొదటి నటుడు ఉత్తమ్ కుమారే. ‘ఆంటొనీ ఫిరింగీ’, ‘చిడియాఖానా’ అను చిత్రములలోని నటన దానికి హేతువు. ఆయన 1980లో పరమపదించెను. టాలీగంజ్ మెట్రో రైలు స్టేషనుకు ఆయన పేరు పెట్టిరి. సుచిత్రా సేన్ 1963లో మాస్కో చిత్రోత్సవమున ‘సాత్ పాకే బాంధా’ చిత్రమునకుగాను ఉత్తమ నటి పురస్కారమును గైకొనెను.

ఇంతవరకు చెప్పినది వెలుగుల కథ. దీపము క్రింద నీడ యుండుట సహజము. ఋత్విక్ ఘటక్ జీవితము అట్టి నీడ. దేశవిభజన కాలమున తూర్పు వంగదేశము నుండి తరలివచ్చిన లక్షలాది నిరాశ్రయుల దుఃఖమును తన దుఃఖముగా భావించి చిత్రములు తీసినవాడాయన. ఆయన తొలి చిత్రము ‘నాగరిక్’ 1952లోనే పూర్తియైనను, విడుదలకు నోచుకొన్నది 1977లో. అప్పటికి దర్శకుడు మరణించి యొక సంవత్సరము దాటెను. 1960లో వచ్చిన ‘మేఘే ఢాకా తారా’ ప్రజాదరణ పొందినను, తరువాతి చిత్రములు ధననష్టమును కలిగించెను. 1970లో పద్మశ్రీ బిరుదమును, తుది చిత్రమైన ‘జుక్తి తక్కో ఆర్ గప్పో’ కథకు జాతీయ పురస్కారమును లభించినను, ఆయన ప్రతిభకు తగిన ఆదరణము జీవితకాలమున చేకూరలేదు. 1976లో ఏబది యేండ్ల ప్రాయముననే ఆయన గతించెను. నేడు లోకమంతటను చలనచిత్ర విద్యార్థులు ఆయన చిత్రములను శ్రద్ధతో అధ్యయనము చేయుచున్నారు. బ్రదికియున్నప్పుడు పట్టెడన్నము పెట్టక, పోయిన తరువాత పిండప్రదానము ఘనముగా చేసినట్లున్నది ఈ కథ. పురస్కార సభలో ఎవరి పేరు వినబడినదో దానితోపాటు, ఎవరి పేరు వినబడలేదో అదియు చరిత్రలో భాగమే.

పురస్కారమును నిరాకరించిన ధీరులును కలరు. సౌమిత్ర చటర్జీ 1959లో ‘అపూర్ సంసార్’తో చిత్రసీమ ప్రవేశించి, రాయ్ చిత్రములలోనే పదునాలుగింట నటించెను. కవి, నాటకకర్త, పత్రికా సంపాదకుడు. 1970 ప్రాంతమున ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నీయబోగా వలదనెను. 2001లో ‘దేఖా’ చిత్రమునకు జాతీయ పురస్కార సంఘము ప్రత్యేక బహుమానమును ప్రకటింపగా, ఆ తీర్పుల తీరు తనకు సమ్మతము కాదని దానిని స్వీకరింపలేదు. తరువాత 2006వ సంవత్సరపు ‘పదక్షేప్’ చిత్రమునకు ఉత్తమ నటుడుగా జాతీయ పురస్కారమును, 2011వ సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును ఆయనకు లభించెను. వానిని వినయముతో స్వీకరించెను. ఆయన నిరాకరణము గర్వము వలన కలిగినది కాదు. తీర్పరులను సైతము ప్రశ్నించుటకు కళాకారునకు హక్కు గలదని తెలుపుట దాని భావము. తీర్పు చెప్పువారు తమను తాము పరీక్షించుకొనుటకు ఇట్టి నిరాకరణములు తోడ్పడును. ఆయన 2020లో కీర్తిశేషుడాయెను.

మృణాల్ సేన్ చరిత్ర తెలుగువారికి మరింత సన్నిహితము. వంగదేశీయుడైన ఆ దర్శకుడు ప్రేమ్‌చంద్ కథను ఆధారముగా గొని 1977లో ‘ఒక ఊరి కథ’ అను తెలుగు చిత్రమును తీసెను. ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారమును దానికే ఇచ్చిరి. హిందీలో వ్రాసిన రచయిత, వంగభాష మాతృభాషగా గల దర్శకుడు, తెలుగు పలుకులు! మంచి కళ భాషల సరిహద్దులను ఎంత సులభముగా దాటునో దీనివలన తెలియును.

భారత చలనచిత్ర రంగమునకు జీవితమంతయు ధారపోసిన పెద్దలకు ప్రభుత్వ మిచ్చు సర్వోన్నత గౌరవము దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము. 1970 మొదలు 1978 వరకు గల తొమ్మిది సంవత్సరముల పురస్కారములలో ఆరు వంగదేశపు వృద్ధులనే వరించెను. బీరేంద్రనాథ్ సర్కార్, పంకజ్ మల్లిక్, ధీరేంద్రనాథ్ గంగూలీ, కానన్ దేవి, నితిన్ బోసు, రాయ్‌చంద్ బొరాల్ ఆ ఆరుగురు. ఆ కాలముననే, 1974వ సంవత్సరమునకు, తెలుగువారైన బి. ఎన్. రెడ్డిగారు ఆ గౌరవమును పొందిరి. న్యూ థియేటర్స్ ఆవరణలో నలుబది యేండ్ల క్రిందట పనిచేసినవారిని జాతి ఆలస్యముగా నైనను మరువక తలచుకొనెను.

1992లో సత్యజిత్ రాయ్ కలకత్తాలో రోగశయ్యపై నుండగా, అమెరికావారి ఆస్కార్ గౌరవ పురస్కారము ఆయనను వెదకికొనుచు వచ్చెను. లేవలేని స్థితిలో ఆ స్వర్ణప్రతిమను చేతబట్టి ఆయన పలికిన కృతజ్ఞతా వాక్యములను చిత్రించి అమెరికా సభలో ప్రదర్శించిరి. ఆ యేటనే భారతరత్న బిరుదమును ఆయనకు లభించెను. ఆ ఏప్రిల్ 23వ తేదీన ఆయన మరణించెను. నగలు కుదువబెట్టి చిత్రము తీసిన నాటికిని ఈ నాటికిని నడుమ నలుబది సంవత్సరములు గడచెను.

ఇక పాత్రికేయుల సంఘము మాట. దశాబ్దముల పాటు సాగిన ఆ పురస్కార సభ తరువాతి కాలమున కొంతకాలము నిలిచిపోయెను. 2017లో పశ్చిమ వంగ చలనచిత్ర పాత్రికేయుల సంఘము పేర విమర్శకులు మరల పురస్కారముల నిచ్చుట మొదలిడిరి. ఆ ఉత్సవమునకు వారు పెట్టుకొన్న పేరు ‘సినేమార్ సమావర్తన్’. సమావర్తనమనగా గురుకులమున విద్య ముగించిన శిష్యునకు జరుపు స్నాతకము. ఏడాదిపాటు చిత్రములను పరీక్షించి, ఉత్తీర్ణులైనవారికి పట్టమిచ్చుటయే తమ పనియని ఆ పేరు సూచించుచున్నది. స్నాతకమునకు మరియొక అర్థమును గలదు. విద్య ముగిసిన శిష్యుడు లోకములో అడుగు పెట్టును. అతని అసలు పరీక్ష అప్పుడే ప్రారంభమగును. అట్లే పురస్కారము పొందిన చిత్రమునకు అసలు పరీక్షకుడు కాలము.

ఈ చరిత్రను పరిశీలించినచో కొన్ని సత్యములు గోచరించును. పురస్కారము ప్రతిభను సృష్టింపదు. ఉన్న ప్రతిభపై వెలుగును ప్రసరింపజేయును. వెలుగు పడనంత మాత్రమున రత్నము రాయి కాదు. ఋత్విక్ ఘటక్ దీనికి సాక్షి. పరాజయము శాశ్వతము కాదు. ఉత్తమ్ కుమార్ దీనికి సాక్షి. తీర్పరికి నిర్భయత్వము లేనిచో తీర్పునకు విలువ లేదు. కాన్ నగరమున పట్టుబట్టిన కొలదిమంది విమర్శకులు దీనికి సాక్షులు. పాఠశాలలో బహుమానము పొందిన బాలుడును, పొందని బాలుడును ఈ మాటలను గుర్తుంచుకొనవలెను. మరియు, ఇతరుని గుణమును చూచినప్పుడు సంకోచింపక మెచ్చుకొనుట అలవరచుకొనవలెను. హీరాలాల్ సేన్‌కు ఆ మెచ్చుకోలు సకాలమున లభించియుండినచో, ఆయన చిత్రములను కాపాడు చేతులును నాడే లభించియుండునేమో!

ప్రశ్నలు

1. హీరాలాల్ సేన్ ఎవరు? ఆయన చిత్రములు నేడు లభింపకపోవుటకు కారణమేమి?

2. చిత్ర విమర్శకుని పని కత్తిమీద సాము వంటిదని ఎందుకు చెప్పబడినది? పాత్రికేయుల సంఘము పురస్కారములందు ప్రశంసింపదగిన గుణము లెవ్వి?

3. ‘పథేర్ పాంచాలీ’ చిత్రనిర్మాణమున సత్యజిత్ రాయ్ పడిన కష్టములను వర్ణింపుము.

4. సౌమిత్ర చటర్జీ పురస్కారమును నిరాకరించుట సమంజసమేనా? నీ అభిప్రాయమును కారణములతో వ్రాయుము.

5. ‘ఇంట గెలువనిది రచ్చ గెలిచినది’ అను మాట ఏ చిత్రమును గూర్చి, ఏ సందర్భమున చెప్పబడినది?

6. కలకత్తాకును తెలుగు చిత్రములకును గల సంబంధమును తెలుపుము.